ప్రభుత్వ నిఘా, మన గోప్యత: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రభుత్వ నిఘా అంటే ఫోన్ ట్యాపింగేనా?

ట్యాపింగ్ అందులో ఒక భాగం, అదీ పాత భాగం. ఇప్పుడు ప్రభుత్వ సంస్థలు ముఖ్యంగా నాలుగు దారుల్లో మన సమాచారం తీసుకుంటున్నాయి. మొదటిది దారిలో పట్టుకోవడం: టెలికాం కంపెనీ స్విచ్ (కాల్స్‌ను కలిపే కేంద్రం) దగ్గరో, సముద్రం అడుగున వేసిన కేబుల్ ఒడ్డుకు చేరే చోటో, పోతున్న డేటాకు నకలు తీసుకుంటారు. రెండోది కంపెనీని అడగడం: ఈమెయిల్, క్లౌడ్, సోషల్ మీడియా సంస్థలకు ఉత్తర్వు పంపి ఖాతాలో ఉన్నది తెప్పించుకుంటారు. మూడోది నేరుగా ఫోన్‌లోకి చొరబడటం. నాలుగోది చాలామందికి తెలియదు: డబ్బిచ్చి కొనుక్కోవడం. యాప్‌లు పోగేసిన లొకేషన్ డేటాను అమ్మే వ్యాపారులున్నారు, కొనేవాళ్లలో ప్రభుత్వ సంస్థలూ ఉన్నాయి.

ఈ నాలుగింటికీ చట్టం వేరు, సాంకేతికత వేరు, కాచుకునే పద్ధతీ వేరు. అన్నిటినీ ఒకే గాటన కట్టేసి మాట్లాడటం వల్లే ఈ చర్చలో సగం గందరగోళం.

నేను తప్పేమీ చేయను, దాచుకోవడానికి ఏమీ లేదు. నన్ను చూస్తే నాకేంటి నష్టం?

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లు నిజాయితీగానే అడుగుతారు కాబట్టి జవాబూ వివరంగానే చెప్పాలి.

ఏది తప్పో ఏది ఒప్పో తేల్చే అధికారం చూసేవాళ్ల చేతిలో ఉంటుంది. మార్టిన్ లూథర్ కింగ్ పౌరహక్కుల కోసం శాంతియుతంగా పోరాడుతున్న మనిషి. అయినా ఆయన ఫోన్లు ట్యాప్ చేయడానికి 1963 అక్టోబర్‌లో అమెరికా అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీ అనుమతిచ్చారు. ఎఫ్‌బీఐ అక్కడితో ఆగలేదు, హోటల్ గదుల్లో మైకులు పెట్టింది. 1964 నవంబర్‌లో, కింగ్ నోబెల్ శాంతి బహుమతి అందుకోవడానికి కొన్ని వారాల ముందు, ఆ రికార్డింగులతో ఒక టేపు, దానికి జతగా సంతకం లేని ఉత్తరం ఆయన పేర పోస్టు చేశారు. చావడమే మేలన్న సూచన ఉంది ఆ ఉత్తరంలో. అది ఎఫ్‌బీఐ పనేనని పదకొండేళ్ల తర్వాత సెనెట్ వేసిన చర్చ్ కమిటీ విచారణలో బయటపడింది.

ఇది పెద్ద నాయకుడి కథ, మనలాంటివాళ్లకు వర్తించదు అనుకుంటే ఇంకొకటి చూడండి. 2013 సెప్టెంబర్‌లో అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఒక సెనెటర్‌కు లేఖ రాశారు. ఉద్యోగులు కావాలని దుర్వినియోగం చేసినట్టు రుజువైన 12 ఘటనలు 2003 నుంచి ఉన్నాయని అందులో ఒప్పుకున్నారు. వాటిలో ఒకటి: నిఘా వ్యవస్థ వాడటానికి అనుమతి వచ్చిన మొట్టమొదటి రోజునే ఒక ఉద్యోగి, విడిపోయిన తన స్నేహితురాలి ఆరు ఈమెయిల్ చిరునామాలను అందులో వెతికాడు. ఆమె ఏ దేశభద్రతకూ సంబంధించిన మనిషి కాదు. ఒకతనికి తెలిసిన మనిషి, అంతే. మిగతా ఘటనల్లోనూ భార్యలు, ప్రియురాళ్లు, విదేశాల్లో కొత్తగా పరిచయమైన ఆడవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. కొన్ని కేసులు బయటపడింది కూడా తప్పు చేసినవాళ్లు తామే చెప్పుకోవడం వల్ల.

అన్నిటికీ మించి, మన గోప్యత మన ఒక్కరిది కాదు. మీ దగ్గర దాచాల్సింది లేకపోవచ్చు. మీ లాయరు ఫోన్‌లో ఇంకొకరి కేసు ఉంటుంది, డాక్టరు దగ్గర ఇంకొకరి జబ్బు ఉంటుంది, విలేకరి దగ్గర అవినీతి గురించి భయపడుతూ చెప్పిన ఉద్యోగి పేరు ఉంటుంది. వాళ్లకు రక్షణ లేకపోతే ఆ నష్టం తిరిగి మన దాకా వస్తుంది.

మాటలు వినరట కదా, ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశామన్నదే చూస్తారట. అది పెద్ద విషయమా?

దాన్ని మెటాడేటా అంటారు. నా దృష్టిలో మాటలకన్నా అదే ప్రమాదకరం. మాటలు వినాలంటే మనిషి కూర్చోవాలి, భాష రావాలి, సందర్భం తెలియాలి. మెటాడేటాను కంప్యూటరే వరసపెట్టి కోట్ల మందికి ఒకేసారి విశ్లేషిస్తుంది. పైగా మనిషి మాటల్లో అబద్ధం చెప్పగలడు. రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చేశాడన్న రికార్డు అబద్ధం చెప్పదు.

జర్మనీలో గ్రీన్ పార్టీ నాయకుడు మాల్టే స్పిట్జ్, తన గురించి టెలికాం కంపెనీ ఏం దాచిందో ఇవ్వమని కోర్టుకెక్కి మరీ తెచ్చుకున్నారు. 2009 ఆగస్టు నుంచి 2010 ఫిబ్రవరి దాకా ఆరు నెలల రికార్డు: 35,830 వరసలు. ఒక్కో వరసలో సమయం, ఏ టవర్, కాలా మెసేజా ఇంటర్నెట్టా అన్న వివరం. ఒక్క మాట కూడా లేదు. ఆ వరసల్ని డీ త్సైట్ పత్రిక 2011లో మ్యాప్ మీద పరిచి, ఆయన బహిరంగంగా చెప్పిన సంగతులతో కలిపింది. ఎప్పుడు రైలెక్కారు, ఎక్కడ దిగారు, ఏ సభకు వెళ్లారు, ఏ ఊళ్లో పడుకున్నారు, ఎప్పుడు ఫోన్ మూగబోయింది, అన్నీ చుక్కలుగా కదులుతూ కనిపించాయి. ఆ చుక్క వెంట కాసేపు చూపు పోనిస్తే మనిషి వెనకాలే నడుస్తున్నట్టు ఉంటుంది.

ఇంకా లోతుగా వెళ్లినవాళ్లూ ఉన్నారు. స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు తమంతట తాము ముందుకొచ్చిన 800 మందికి పైగా వ్యక్తుల ఫోన్ మెటాడేటాను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. కాల్ వెళ్లిన నంబర్లు ఏ ఆసుపత్రివి, ఏ దుకాణానివి అన్నది చూసే ఒకరికి గుండె జబ్బు ఉందని, ఇంకొకరి దగ్గర తుపాకి ఉందని ఊహించగలిగారు. ఎన్‌ఎస్‌ఏ, సీఐఏ రెండింటికీ అధిపతిగా పనిచేసిన మైఖేల్ హేడెన్ అయితే, మెటాడేటాను బట్టే మనుషుల్ని చంపుతామని 2014లో ఒక చర్చావేదిక మీద దాపరికం లేకుండా చెప్పారు.

అమెరికా సుప్రీంకోర్టు 2018లో కార్పెంటర్ కేసులో ఈ సంగతి గుర్తించింది. పోలీసులు వారెంట్ లేకుండా తెప్పించిన 127 రోజుల టవర్ రికార్డుల్లో ఆ ఒక్క వ్యక్తి జాడ చెప్పే పాయింట్లు 12,898 ఉన్నాయి. అలాంటి రికార్డుకు వారెంట్ ఉండాల్సిందేనని 5-4 మెజారిటీతో తీర్పొచ్చింది.

స్నోడెన్ బయటపెట్టింది అసలేమిటి?

ఎడ్వర్డ్ స్నోడెన్ ఎన్‌ఎస్‌ఏకు కాంట్రాక్టు మీద పనిచేసి, దాని రహస్య పత్రాలను విలేకరులకు ఇచ్చిన మనిషి. వాటి ఆధారంగా 2013 జూన్ 5న గార్డియన్ పత్రిక ఒక రహస్య కోర్టు ఉత్తర్వును అచ్చువేసింది. వెరిజాన్ సంస్థ తన వ్యాపార విభాగం ఖాతాదారుల కాల్ రికార్డులన్నీ ఏ రోజుకారోజు ఎన్‌ఎస్‌ఏకు అందజేయాలన్నది దాని సారాంశం. ఫలానా అనుమానితుడివి అని లేదు, అందరివీ. దాని వెంటే ప్రిజమ్ వచ్చింది: గూగుల్, మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్, యాపిల్ వంటి తొమ్మిది కంపెనీల నుంచి విదేశీయుల సమాచారం తెప్పించే ఏర్పాటు. ఆ తర్వాత, గూగుల్, యాహూ డేటా సెంటర్ల మధ్య నడిచే లైన్ల మీద కూడా వలపన్నారని అక్టోబర్‌లో తేలింది. ముందు తలుపు నుంచి ఉత్తర్వుతో అడుగుతూనే వెనక గోడకు కన్నం వేశారన్నమాట.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే ఏడాది మార్చి 12 నాటి ఘటన. లక్షలాది, కోట్లాది అమెరికన్ల గురించి ఎన్‌ఎస్‌ఏ ఏదైనా డేటా సేకరిస్తోందా అని సెనెటర్ రాన్ వైడెన్ బహిరంగ విచారణలో సూటిగా అడిగారు. జాతీయ నిఘా డైరెక్టర్ జేమ్స్ క్లాపర్ లేదన్నారు. మూడు నెలల్లోనే ఆ జవాబు తప్పని లోకమంతా చూసింది. ప్రజాప్రతినిధికే నిజం చెప్పని వ్యవస్థను ఎవరు అదుపు చేస్తారు?

2015 జూన్‌లో వచ్చిన చట్టంతో ఆ మూకుమ్మడి కాల్ రికార్డుల సేకరణ ఆగింది. అది చట్టవిరుద్ధమేనని 2020 సెప్టెంబర్‌లో ఒక ఫెడరల్ అప్పీల్ కోర్టు చెప్పింది. ప్రిజమ్‌కు ఆధారమైన, విదేశీ నిఘా చట్టంలోని 702 సెక్షన్‌ను మాత్రం 2024 ఏప్రిల్‌లో ఇంకో రెండేళ్లు పొడిగించారు.

అందరి డేటా ఉంటే ఉగ్రవాదులు తేలిగ్గా దొరుకుతారు కదా?

లెక్క వేసి చూద్దాం. పది కోట్ల జనాభా, అందులో వెయ్యి మంది ప్రమాదకరమైనవాళ్లు అనుకోండి. నూటికి 99 సార్లు సరిగ్గా చెప్పే అద్భుతమైన కంప్యూటర్ ఉందనీ అనుకోండి. అది వెయ్యిలో 990 మందిని పట్టిస్తుంది. దాంతోపాటు మిగిలినవాళ్లలో నూటికొకరి చొప్పున దాదాపు పది లక్షల మంది అమాయకుల్ని కూడా అనుమానితులుగా చూపిస్తుంది. అంటే జాబితాలోని ప్రతి వెయ్యి పేర్లలో అసలువాడు ఒక్కడే ఉంటాడు. పది లక్షల ఇళ్ల తలుపు తట్టే బలగం ఏ దేశానికీ లేదు.

ఇది కాగితం మీది లెక్క. వాస్తవం కూడా అలాగే ఉంది. అమెరికాలో గోప్యత, పౌరహక్కుల పర్యవేక్షణ బోర్డు రహస్య పత్రాలన్నీ చూసి 2014 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఉగ్రవాద దర్యాప్తు ఫలితాన్ని ఆ కాల్ రికార్డుల కార్యక్రమం నిజంగా మార్చిన సందర్భం ఒక్కటీ తమకు కనిపించలేదని రాసింది. ఒక మనిషి మీద అనుమానం వచ్చి, ఆ మనిషి మీదే దృష్టి పెట్టిన దర్యాప్తుల సంగతి వేరు. అవి ఫలిస్తాయి.

వాట్సాప్, సిగ్నల్ మెసేజ్‌లను ప్రభుత్వం చదవగలదా?

దారిలో చదవలేదు. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లో తాళంచెవులు రెండు ఫోన్లలోనే ఉంటాయి, మధ్యలో ఉన్న కంపెనీకి కూడా అక్షరాల గజిబిజి తప్ప ఏమీ కనిపించదు. వాట్సాప్ దీన్ని 2016 ఏప్రిల్ నాటికి అందరికీ ఇచ్చింది.

పక్కదారులు మాత్రం ఉన్నాయి. బ్యాకప్ క్లౌడ్‌లో తాళం లేకుండా ఉంటే ఆ క్లౌడ్ కంపెనీకి ఉత్తర్వు పంపితే చాలు. వాట్సాప్‌లో బ్యాకప్‌కు కూడా ఎన్‌క్రిప్షన్ పెట్టుకునే సదుపాయం 2021లో వచ్చింది, కానీ మనమే వెళ్లి ఆన్ చేయాలి. అవతలి మనిషి ఫోన్ పోలీసుల చేతికి చిక్కితే మీ మెసేజ్ కూడా చిక్కినట్టే. నోటిఫికేషన్లు యాపిల్, గూగుల్ సర్వర్ల మీదుగా వస్తాయి కాబట్టి ఆ రికార్డుల్ని కూడా ప్రభుత్వాలు అడుగుతున్నాయని 2023 డిసెంబర్‌లో సెనెటర్ వైడెనే బయటపెట్టారు.

యాప్‌ల మధ్య తేడా ఎక్కడంటే, మెసేజ్ కాక ఇంకేం దాచుకుంటాయన్న దగ్గర. 2016లో ఒక అమెరికా గ్రాండ్ జ్యూరీ సిగ్నల్‌ను ఖాతా వివరాలు అడిగితే, ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు అన్నవే ఇవ్వగలిగింది. దాచుకోలేదు కాబట్టి ఇవ్వడానికి లేదు. గోప్యత మాటలు చెప్పే ఏ కంపెనీనైనా నేను కొలిచేది దీంతోనే.

పోలీసుల కోసం ఎన్‌క్రిప్షన్‌లో ఒక్క బ్యాక్‌డోర్ (దొడ్డిదారి) పెడితే తప్పేంటి? కోర్టు అనుమతితోనే వాడతారు కదా.

మంచి ఉద్దేశంతోనే అడిగే ప్రశ్న ఇది. పిల్లల మీద అఘాయిత్యాల కేసుల్లో దర్యాప్తు చేసే అధికారి బాధ నిజమైనది. కానీ పోలీసుల కోసం పెట్టిన దారి పోలీసుల దగ్గరే ఆగదని అనుభవంలో తేలింది. గ్రీస్‌లో జరిగింది చెబుతాను.

ఏథెన్స్‌లో వొడాఫోన్ వాడే ఎరిక్సన్ స్విచ్‌లలో, చట్టబద్ధంగా ట్యాప్ చేయడానికి పనికొచ్చే భాగం సాఫ్ట్‌వేర్‌లోనే నిద్రాణంగా ఉండేది. 2004లో, ఒలింపిక్స్ సమయానికి, ఎవరో ఆ స్విచ్‌లలోకి దొంగ ప్రోగ్రాం ఎక్కించి ఆ భాగాన్ని మేల్కొలిపారు. ఇంజినీర్లకు కనిపించే జాబితాల్లో దాని జాడ లేకుండా చేశారు. ప్రధాని కోస్తాస్ కరమన్లిస్, మంత్రులు, ఉన్నతాధికారులు, ఉద్యమకారులు కలిపి వందకు పైగా ఫోన్లు. ఆ నంబర్లకు కాల్ రాగానే దాని నకలు కొన్ని ప్రీపెయిడ్ ఫోన్లకు వెళ్లేది. నెలల తరబడి ఎవరికీ అనుమానం రాలేదు. 2005 జనవరిలో చొరబాటుదారులు తమ ప్రోగ్రాంలో ఏదో మార్పు చేయబోతే కొన్ని ఎస్ఎంఎస్‌లు చేరకుండా పోయాయి. అవి ఎందుకు చేరలేదని తవ్వుతూ పోతే ఇదంతా బయటపడింది. కంపెనీ తొందరపడి ఆ ప్రోగ్రాంను తీసేయించడంతో చేసిందెవరో పట్టుకునే ఆధారాలూ చాలావరకు పోయాయి. దేశ ప్రధాని ఫోన్‌నే వినడానికి దారి ఇచ్చింది దేశం కోసం పెట్టుకున్న ఏర్పాటే.

ఇరవై ఏళ్ల తర్వాత అదే కథ ఇంకా పెద్దగా జరిగింది. టెలికాం కంపెనీలు ట్యాపింగ్‌కు వీలు కల్పించాలని అమెరికా 1994లో చట్టం చేసింది. సాల్ట్ టైఫూన్ అని పిలిచే, చైనా ప్రభుత్వంతో సంబంధమున్న హ్యాకర్లు పెద్ద పెద్ద అమెరికా టెలికాం కంపెనీల్లోకి దూరారని, ఆ ట్యాపింగ్ వ్యవస్థల దాకా కూడా వెళ్లారని 2024లో వెల్లడైంది. ఆ డిసెంబర్‌లో అమెరికా సైబర్ భద్రతా సంస్థ ఉన్నతాధికారులకు ఇచ్చిన సలహా: ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లే వాడండి. అలాంటి యాప్‌లకు బ్యాక్‌డోర్ కావాలని అదే ప్రభుత్వంలోని ఇతర విభాగాలు ఏళ్లుగా ఒత్తిడి చేస్తూ వచ్చాయి.

ఇవన్నీ చూశాక కూడా ఆ కోరిక పోలేదు. బ్రిటన్ ప్రభుత్వ ఒత్తిడి మధ్య, 2025 ఫిబ్రవరిలో ఐక్లౌడ్‌కు తానిచ్చే అత్యున్నత రక్షణను యాపిల్ అక్కడ కొత్తవాళ్లకు ఆపేసింది. బ్యాక్‌డోర్ పెట్టడం ఇష్టంలేక తాళాన్నే తీసేసిందన్నమాట. నష్టపోయింది అక్కడి మామూలు జనం.

పెగాసస్ లాంటి స్పైవేర్ నా ఫోన్‌లోకీ వస్తుందా?

మామూలు మనిషికి ఆ అవకాశం తక్కువ, ఎందుకంటే అది ఖరీదైనది, ఎంపిక చేసినవాళ్ల మీదే వాడతారు. ఆ ఎంపిక ఎవరిదన్నదే సమస్య. ఇజ్రాయెల్ సంస్థ ఎన్‌ఎస్‌వో దాన్ని ప్రభుత్వాలకే అమ్ముతామంటుంది. 2016 ఆగస్టులో యూఏఈ మానవహక్కుల కార్యకర్త అహ్మద్ మన్సూర్‌కు ఒక ఎస్ఎంఎస్ వచ్చింది, జైళ్లలో చిత్రహింసల రహస్యాలు ఈ లింకులో ఉన్నాయని. ఆయన నొక్కలేదు. సిటిజన్ ల్యాబ్ పరిశోధకులకు పంపారు. అలా దొరికింది పెగాసస్. తర్వాతి తరాల్లో నొక్కాల్సిన పని కూడా లేకుండా పోయింది, మెసేజో కాలో వస్తే చాలు. 2019లో ఈ పద్ధతిలో దాదాపు 1,400 మంది ఫోన్ల మీద దాడి జరిగిందని వాట్సాప్ కోర్టుకెళ్లింది.

స్పైవేర్ పనిచేయాలంటే సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ సరిదిద్దని లోపం ఒకటి ఉండాలి. అలాంటి లోపాలు తెలిసినా తయారీదారుకు చెప్పకుండా దాచుకోవడం నిఘా సంస్థలకు అలవాటు. ఎన్‌ఎస్‌ఏ దాచుకున్న ఒక విండోస్ లోపం దొంగల చేతికి పోయి, 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వానాక్రై దాడిగా తిరిగొచ్చింది. బ్రిటన్ ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు, ఆపరేషన్లు వాయిదా వేయాల్సి వచ్చింది.

కంపెనీలు మన డేటా అంతా తీసుకుంటున్నాయి. ప్రభుత్వం తీసుకుంటేనే గొడవెందుకు?

కంపెనీ ప్రకటన చూపిస్తుంది, ప్రభుత్వం అరెస్టు చేయగలదు. ఈ తేడా చిన్నది కాదు. అసలు ఈ రెంటినీ విడదీయడమే ఇప్పుడు కష్టం. కంపెనీ పోగేసింది ఉత్తర్వుతో ప్రభుత్వానికి పోతుంది, ఉత్తర్వు లేకపోతే డబ్బుతో పోతుంది. కార్పెంటర్ తీర్పు తర్వాత కూడా అమెరికా సంస్థలు లొకేషన్ డేటాను మార్కెట్లో కొంటూనే వచ్చాయి. ఇలా కొన్న సమాచారం ఎంత సున్నితమైనదో 2023 జూన్‌లో వెల్లడైన ప్రభుత్వ నివేదికే ఒప్పుకుంది. వారెంట్ అవసరమైనదాన్ని కొనుక్కుంటే వారెంట్ అక్కర్లేదనడం చట్టాన్ని మోసం చేయడమే.

చట్టాలు ఏమంటున్నాయి?

ఒక్కో దేశంలో ఒక్కో తీరు. నిఘా ఉత్తర్వు ఎవరు ఇస్తారు అన్నదగ్గరే అసలు తేడా. అమెరికాలో దేశంలోపలి ట్యాపింగ్‌కు జడ్జి సంతకం కావాలి. బ్రిటన్‌లో 2016 చట్టం ప్రకారం మంత్రి సంతకం, దానిపై న్యాయ కమిషనర్ ఆమోదం. భారత్‌లో గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పారు. అయినా ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద, మామూలుగా హోం శాఖ కార్యదర్శి ఉత్తర్వు ఇస్తారు, సమీక్షించే కమిటీలోనూ కార్యదర్శులే ఉంటారు. జడ్జి ఎక్కడా లేడు. ఐరోపాలో, అందరి టెలికాం డేటాను ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా దాచాలన్న ఆదేశాన్ని అక్కడి న్యాయస్థానం 2014 ఏప్రిల్ 8న కొట్టేసింది.

అడిగేవాడు, అనుమతిచ్చేవాడు, సమీక్షించేవాడు ఒకే కార్యాలయంవాళ్లయితే అనుమతి అన్న మాటకు అర్థం ఉండదు.

వీపీఎన్ పెట్టుకుంటే చాలా?

చాలదు. వీపీఎన్ అంటే మన ఇంటర్నెట్‌ను ఇంకో కంపెనీ సర్వర్ మీదుగా పంపే సేవ. మీ ఇంటర్నెట్ కంపెనీకి కనిపించేది వీపీఎన్ కంపెనీకి కనిపిస్తుంది. లాగిన్ అయి ఉన్న ఖాతాకు మీరెవరో తెలుస్తూనే ఉంటుంది. బ్రౌజర్‌లోని ఇన్‌కాగ్నిటో అయితే ఆ ఫోన్ చూసే పక్కవాళ్ల నుంచి మాత్రమే కాపాడుతుంది.

మరి నేను చేయగలిగింది ఏమిటి?

ఫోన్ అప్‌డేట్లు వచ్చిన రోజే వేసుకోండి, అన్నిటికన్నా ఎక్కువ ఫలితం దీనికే. చాట్ బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయండి. సున్నితమైన సంభాషణలకు మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్ పెట్టుకోండి. లేని మెసేజ్‌ను ఏ ఉత్తర్వూ తేలేదు. టార్చ్ లైట్ యాప్‌కు లొకేషన్ ఎందుకో ఆలోచించి అనుమతులు తీసేయండి, ప్రకటనల కోసం ఫోన్‌కు ఇచ్చే గుర్తింపు ఐడీని తొలగించండి. విలేకరులు, లాయర్లు, ఉద్యమాల్లో ఉన్నవాళ్లు ఐఫోన్ వాడుతుంటే, దాడికి వీలిచ్చే సదుపాయాల్ని ఆపేసే లాక్‌డౌన్ మోడ్ ఆన్ చేసుకోవడం మంచిది.

వీటితో ఒకడి మీదే గురిపెట్టిన ప్రభుత్వాన్ని ఆపలేం. అందరి మీదా వేసే వల మాత్రం ఖరీదైనదవుతుంది. నాకు కావాల్సింది అదే: ఒక మనిషి మీద నిఘా పెట్టాలంటే ఆ మనిషి పేరు రాసి, కారణం చూపి, బయటి జడ్జిని ఒప్పించాల్సిన పరిస్థితి. అలాంటి నిఘాకు నాకు అభ్యంతరం లేదు.

నా మీద నిఘా ఉందని నాకు ఎప్పటికైనా తెలుస్తుందా?

చాలా దేశాల్లో తెలియదు. జర్మనీలో దర్యాప్తు పాడవదనుకున్నాక సంబంధితులకు చెప్పాలన్న నియమం ఉంది. అమెరికాలో క్రిమినల్ కేసుల ట్యాపింగ్ ముగిసిన 90 రోజుల్లోపు సాధారణంగా నోటీసివ్వాలి. దేశభద్రత పేరుతో జరిగేదానికి అది వర్తించదు. 2013 ఫిబ్రవరిలో, 702 సెక్షన్ నిఘాను ప్రశ్నించిన లాయర్లు, విలేకరుల పిటిషన్‌ను అమెరికా సుప్రీంకోర్టు 5-4తో తోసిపుచ్చింది. మీ మీద నిఘా ఉందని మీరు రుజువు చేయలేకపోయారన్నది కారణం. రుజువు ప్రభుత్వం దగ్గరే రహస్యంగా ఉంది. స్నోడెన్ పత్రాలు బయటికొచ్చింది ఆ తర్వాత మూడు నెలలు దాటాక.

స్పైవేర్ విషయంలో మాత్రం 2021 నుంచి యాపిల్ అనుమానం ఉన్నవాళ్లకు హెచ్చరికలు పంపుతోంది. అలాంటిది వస్తే ముందు అది నిజమైనదో కాదో మీ యాపిల్ ఖాతాలోకి స్వయంగా లాగిన్ అయి చూసుకోండి, మెసేజ్‌లోని లింకు నొక్కకండి. కంగారులో ఫోన్‌ను రీసెట్ చేయకండి, అమ్మేయకండి. అందులో మిగిలిన జాడలే రేపు కోర్టులో మీకు ఆధారం. ఇంకో ఫోన్ నుంచి, డిజిటల్ హక్కుల సంస్థ యాక్సెస్ నౌ నడిపే డిజిటల్ సెక్యూరిటీ హెల్ప్‌లైన్‌ను సంప్రదించండి. పాత్రికేయులకు, హక్కుల కార్యకర్తలకు, పౌర సంస్థలవాళ్లకు వాళ్లు ఉచితంగా సాయం చేస్తారు. మీతో ఈ మధ్య మాట్లాడినవాళ్లకు కూడా, ఆ రెండో ఫోన్ నుంచే, ఓ మాట చెప్పి ఉంచండి.